విడిది గుడారాల్లో మద్యం: కాఠిన్యమా, కనికరమా?

గత డిసెంబరు సెలవుల్లో మా కుటుంబమూ, మా అక్కయ్య కుటుంబమూ కలిసి గండికోటకు వెళ్ళాము. కడప జిల్లాలో జమ్మలమడుగుకు సుమారు 15 కిలోమీటర్ల దూరంలో, ఎర్రమల కొండలను చీల్చుకుని పెన్నానది పారే లోయ అంచున ఆ కోట ఉన్నది. 1650లో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా వశపరచుకున్న ఈ కోటలో జామియా మసీదు, మాధవరాయస్వామి ఆలయం, ఆనాటి ధాన్యాగారం నేటికీ నిలిచి ఉన్నాయి. లోయ మీద సూర్యోదయం చూడాలన్న కోరికతో హైదరాబాదు, బెంగుళూరుల నుండి కూడా యువకులు వస్తారు. గుడారాలు అద్దెకు తీసుకుని రాత్రి అక్కడే గడుపుతారు. మేమూ రెండు గుడారాలు తీసుకున్నాము.

మాకు గుడారాలు అద్దెకిచ్చినతను ప్రవేశమార్గం వద్ద ఒక పలక తగిలించాడు. మద్యం నిషిద్ధమనీ, రాత్రి పది దాటాక పాటలు పెట్టరాదనీ, చీకటిపడ్డాక లోయ అంచుకు పోరాదనీ దాని మీద వ్రాసి ఉన్నది. ఆ పలక క్రిందనే ఒక గోనెసంచి నిండా ఖాళీ మద్యం సీసాలు ఉన్నాయి. నియమమూ, దాని ఉల్లంఘనా ఒకేచోట అంత ప్రశాంతంగా కలిసి ఉండడం చూసి మా మేనల్లుడు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

ఇషా నమాజు ఆరుబయట చాదరు మీద చదువుకుని, పిల్లలకు అన్నాలు పెట్టి పడుకున్నాము. పదకొండు గంటల వేళ ప్రక్కన ఆరుగురు యువకులు చలిమంట వేసుకుని, పాటలు పెట్టుకుని త్రాగడం మొదలుపెట్టారు. మరుగుదొడ్లకు పోయే దారి సరిగ్గా ఆ మంట ప్రక్కనుండే. మా ఆడపిల్లలు అటు వెళ్ళడానికి జంకారు. మా అక్కయ్య చక్కెర వ్యాధిగ్రస్తురాలు. రాత్రి రెండు మూడుసార్లు లేవవలసిన మనిషి. ఆమె దుప్పటి కప్పుకుని, పెదవి విప్పకుండా కూర్చుండిపోయింది. ఈ వ్యాసానికి అసలు కారణం ఆ దృశ్యమే.

మా అక్కయ్య భర్త పోలీసు శాఖలో ముప్పయ్యేళ్ళకు పైగా పనిచేసి పదవీ విరమణ చేసినవారు. మేము ఆయనను దుల్హాభాయ్ అని పిలుస్తాము. వారి కుమారుడు బెంగుళూరులో ఇంజనీరు. “అబ్బా, 112కు ఫోను చేయండి. ఆరుగురినీ ఎత్తుకుపోవాలి” అని అతడు పట్టుబట్టాడు. దుల్హాభాయ్ ముందు తానే వెళ్ళి, “బాబూ, ఆడవాళ్ళున్నారు, పెద్దవాళ్ళున్నారు” అని నచ్చజెప్పి వచ్చారు. వాళ్ళు “సరే అంకుల్” అన్నారు. అరగంట సద్దుమణిగింది. ఆ పిమ్మట ఒకడు సీసాను బండ మీదికి విసిరాడు. గాజుపెంకులు మా గుడారం ముందు పడ్డాయి. మరో ఇద్దరు ఇంకా మద్యం తెస్తామంటూ జమ్మలమడుగు వైపు పోవడానికి మోటారు సైకిలు తీశారు. అప్పుడు 112కు ఫోను చేసినవారు దుల్హాభాయే.

నలభై నిమిషాలకు ఒక హెడ్ కానిస్టేబులు, ఇద్దరు కానిస్టేబుళ్ళు వచ్చారు. బండ్ల తాళాలు తీసుకున్నారు. మిగిలిన మద్యం పారబోయించారు. టార్చిలైటు వెలుగులో ఒక్కొక్కరి పేరు వ్రాసుకోసాగారు. ఆ వెలుగు ఒక ముఖం మీద పడినప్పుడు నా గుండె ఆగినంత పనైంది. ఆ యువకుడు ఏడో ఏటి నుండి పన్నెండో ఏటి వరకు నా దగ్గర ఖుర్ఆన్ నాజిరా చదువుకున్నవాడు. అతడు నన్ను గుర్తుపట్టి ముఖం త్రిప్పుకున్నాడు. దుల్హాభాయ్ ఇది గమనించి నా చెవిలో, “మీ పిల్లవాడా? ఆ హెడ్ కానిస్టేబులు నా క్రింద పనిచేసినవాడే. ఒక్క మాట చెబితే పేరు వ్రాయడు” అన్నారు.

“చెప్పండి” అనే మాట నా నాలుక చివరి దాకా వచ్చింది. అంతకు గంట ముందు, మేనల్లుడు “ఆరుగురినీ ఎత్తుకుపోవాలి” అన్నప్పుడు మనసులో అవునని తల ఊపినవాణ్ణి నేనే. ఒక గంటలో నా అభిప్రాయం మారడానికి కారణం కొత్త ఆలోచన కాదు, తెలిసిన ముఖం. ఆ సంగతి తట్టగానే సిగ్గు కలిగింది. “వద్దు దుల్హాభాయ్, వ్రాయనివ్వండి” అన్నాను.

మర్నాడు స్టేషనులో నలుగురిని మందలించి పంపారు. సీసా విసిరినవాని మీద, బండి నడపబోతూ దుర్భాషలాడినవాని మీద కేసు వ్రాశారు. సీసా విసిరినవాడు నా విద్యార్థే.

తండ్రీ కొడుకుల వాదన

తిరుగు ప్రయాణంలో బండిలో తండ్రీ కొడుకులు ఈ విషయమే వాదించుకున్నారు. ఇద్దరి మాటల్లోనూ బలముంది గనుక రెండింటినీ పాఠకుల ముందు ఉంచుతాను.

మేనల్లుని వాదన ఇది. పలక మీద నియమం వ్రాసి, దాని క్రిందనే సీసాల సంచి పెట్టుకునే చోట నియమమే పరిహాసమౌతుంది. సడలింపు వల్ల లాభపడేది త్రాగేవాడు, నష్టపోయేది త్రాగనివాడు. ఆ రాత్రి కనికరం పేరుతో అరగంట ఆగడం వల్ల శిక్ష పడింది ఎవరికి? దుప్పటి కప్పుకుని కూర్చున్న మా అమ్మకు. విహారస్థలం అందరిదీ. ఆరుగురి వినోదం కోసం పది కుటుంబాలు అక్కడికి రావడం మానుకుంటే, ఆ స్థలం కొందరి సొత్తయిపోయినట్లే. ఇంకో ప్రమాదమూ ఉంది. చట్టం వ్రాసినట్లు అమలు కాక, పోలీసువారి దయాదాక్షిణ్యాల మీద నడిస్తే, ఈ రోజు దయగా ఉన్నది రేపు వెలగా మారుతుంది. తెలిసినవాడిని వదులుతారు, డబ్బిచ్చినవాడిని వదులుతారు, ఎవరూ లేనివాడిని పట్టుకుంటారు. కనుక కాఠిన్యమే పేదవానికి రక్షణ.

ఈ చివరి మాటకు నేను తల వంచుకున్నాను. రాత్రి నా చెవిలో పడిన గుసగుస ఇటువంటిదే కదా!

దుల్హాభాయ్ వాదన వేరు. “నీవు ఫోను చేయడం చూశావు, నేను స్టేషను చూశాను” అని ఆయన మొదలుపెట్టారు. ఒక పోలీసు స్టేషను పరిధిలో కొండలు, చెరువులు, తోటలు అనేకం. రాత్రి విధుల్లో ఉండే సిబ్బంది కొద్దిమంది. ఆరుగురినీ స్టేషనుకు తీసుకుపోయి, వైద్య పరీక్ష చేయించి, కాగితాలు వ్రాసేసరికి తెల్లవారుతుంది. ఆ సమయంలో రోడ్డు మీద ప్రమాదం జరిగితే వెళ్ళేవాడుండడు. ఒక్కసారి కేసు పడిన యువకుడు ఉద్యోగం, పాస్‌పోర్టు విచారణల్లో ఎన్ని సంవత్సరాలు తల వంచుకోవాలో తాను కళ్ళారా చూశానన్నారు. అంతకంటె ముఖ్యంగా, ప్రతివానినీ పట్టుకుంటారని తెలిస్తే త్రాగేవారు వెలుతురు లేని చోటికి, లోయ అంచుకు, రాళ్ళ సందుల్లోకి పోతారు. అక్కడ జారిపడితే అరుపు కూడా వినబడదు. పోలీసు పని పాపాన్ని పట్టుకోవడం కాదు, ప్రాణాన్ని కాపాడడం. అందుకే తాళాలు ముందు తీసుకున్నారు, పేర్లు తరువాత వ్రాసుకున్నారు.

చట్టం ఏమంటోంది? అనుభవం ఏమంటోంది?

మన దేశంలో మద్యం రాష్ట్రాల అధీనంలోని విషయం. అయితే త్రాగి బహిరంగ ప్రదేశంలో ఇతరులకు ఇబ్బంది కలిగేలా ప్రవర్తించడం దేశమంతటా నేరం. 1860 నాటి భారత శిక్షాస్మృతిలోని 510వ సెక్షను ప్రకారం దీనికి శిక్ష 24 గంటల వరకు సాధారణ ఖైదు, లేదా 10 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. నూట అరవై ఏళ్ళకు పైగా ఆ పది రూపాయలు మారనే లేదు! 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోని 355వ సెక్షను జరిమానాను 1,000 రూపాయల వరకు పెంచింది. దానితోపాటు ఒక కొత్త మార్గాన్ని చేర్చింది. అదే సమాజసేవ. జైలు కాకుండా, ప్రతిఫలం లేకుండా సమాజానికి ఉపకరించే పని చేయించే అధికారం న్యాయస్థానానికి లభించింది. ఇక త్రాగి వాహనం నడపడం విషయంలో చట్టం నిజంగానే కఠినం. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి మద్యం ఉంటే, 2019 సవరణ తరువాత, మొదటిసారికే ఆరు నెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

విపరీత కాఠిన్యం ఏ దారి పట్టిందో బీహారు అనుభవం చెబుతుంది. అక్కడ 2016 ఏప్రిల్‌లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. తొలి చట్టంలో త్రాగినవానికి కూడా సంవత్సరాల తరబడి జైలుశిక్ష ఉండేది. బెయిలు దరఖాస్తులతో న్యాయస్థానాలు నిండిపోయాయి. భారత ప్రధాన న్యాయమూర్తిగా ఉన్న జస్టిస్ ఎన్.వి. రమణ 2021 డిసెంబరులో మన విజయవాడలోనే ప్రసంగిస్తూ, దూరదృష్టి లేని చట్టరచనకు ఉదాహరణగా దీనిని పేర్కొన్నారు. 2018లోనూ 2022లోనూ ఆ చట్టాన్ని సడలించారు. చివరకు, మొదటిసారి త్రాగి పట్టుబడినవాడు 2,000 నుండి 5,000 రూపాయల జరిమానా కట్టి బయటపడే ఏర్పాటు చేశారు. మద్యనిషేధం తప్పని నేననడం లేదు. నిషేధం వల్ల ఊపిరి పీల్చుకున్న ఇల్లాళ్ళూ అక్కడ ఉన్నారు. అయితే మోయలేనంత శిక్షను మోయలేని వ్యవస్థ మీద పెడితే, వెనక్కి తగ్గవలసి వచ్చేది చట్టమే.

మన రాష్ట్ర చరిత్రా అటువంటిదే. నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు అక్షరాలు దిద్దుకుంటూ దిద్దుకుంటూ సారా దుకాణాల మీద తిరగబడ్డారు. ఆ ఉద్యమం ఫలితంగా 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో అది తొలగిపోయింది. స్త్రీల కన్నీటితో వచ్చిన చట్టం కూడా, అమలు సరిగా లేకపోతే, రెండేళ్ళకే అలసిపోతుంది.

విహారస్థలాలకే పరిమితమైన నియమాలూ ఉన్నాయి. గోవా ప్రభుత్వం 2019లో పర్యాటక స్థలాల చట్టాన్ని సవరించి, సముద్రతీరంలో బహిరంగంగా త్రాగడం, సీసాలు పగలగొట్టడం వంటి వాటికి ఒక్కరికైతే 2,000, గుంపుకైతే 10,000 రూపాయల జరిమానా నిర్ణయించింది. మద్యం ఏరులై పారే గోవాలోనే ఇటువంటి హద్దు అవసరమైందంటే ఆలోచించవలసిన విషయమే. కెనడాలోని ఒంటారియోలో గుడారాల విడుదులు చాలా పాతవి. అక్కడి ప్రభుత్వ ఉద్యానవనాల్లో, ఎవరి పేరున కేటాయించిన గుడార స్థలంలో వారు త్రాగవచ్చు గాని, దారిలోగాని నీటి ఒడ్డునగాని త్రాగరాదు. మే నెలలో విక్టోరియా దినోత్సవపు సెలవులు ముగిసే దాకా, రద్దీ ఎక్కువగా ఉండే కొన్ని ఉద్యానవనాల్లో కొద్ది రోజుల పాటు మద్యాన్ని పూర్తిగా నిషేధించిన సంవత్సరాలూ ఉన్నాయి. కాలమూ చోటూ ముందే చెప్పి, ఆ మేరకు గట్టిగా అమలు చేయడం ఆ నియమాల వెనుకనున్న పద్ధతి.

వారి దృష్టి మన ధర్మానికి సమ్మతమని నా అభిప్రాయం కాదు. ముస్లిమునకు మద్యం తన గుడారంలోనూ హరామే, నడిదారిలోనూ హరామే. అయినా గుడారం అనేది ఇల్లా, బజారా అన్న ప్రశ్నను వారు చక్కగా పట్టుకున్నారు. ఈ ప్రశ్న మన ధర్మవేత్తలకు కొత్తది కాదు.

ధర్మశాస్త్రం చూపిన కొలబద్ద

మద్యనిషేధం ఒక్క రోజులో అవతరించలేదు. మొదట అల్ బఖరా సూరా, మద్యంలో లాభం కంటె పాపం పెద్దదని తెలిపింది. తరువాత అన్నిసా సూరా, మత్తులో నమాజు దరిదాపులకు రావద్దని ఆజ్ఞాపించింది. చివరకు అల్ మాయిదా సూరా దానిని షైతాను పనిగా పేర్కొని పూర్తిగా విడిచిపెట్టమన్నది. మొట్టమొదటనే మద్యం మానమని ఆజ్ఞ దిగివుంటే ప్రజలు ఎన్నటికీ మానమని ఉండేవారని హజ్రత్ ఆయిషా (రజి) వివరించినట్లు బుఖారీ హదీసులో ఉన్నది. హృదయాలు సిద్ధమైన తరువాత ఆజ్ఞ రాగా, మదీనా వీధుల్లో మద్యం పారబోశారు. అక్కడ పారబోసినవారు త్రాగేవారే, సైనికులు కారు.

అంతమాత్రాన శిక్ష లేదని కాదు. త్రాగి పట్టుబడినవానిని దైవప్రవక్త ముహమ్మద్ (స) దండింపజేశారు. ఖర్జూరపు మట్టలతో, చెప్పులతో కొట్టేవారు. హజ్రత్ ఉమర్ (రజి) కాలంలో త్రాగుడు పెరగగా, సహాబీలతో సంప్రదించి దెబ్బలను ఎనభైకి పెంచారు. అంటే పరిస్థితిని బట్టి కాఠిన్యం పెరగడం మన చరిత్రలోనూ ఉన్నది. మన దేశంలో ఆ దండనను కోరడం గాని, ఎవరైనా చేతుల్లోకి తీసుకోవడం గాని ధర్మసమ్మతం కాదు. ఇక్కడ శిక్షించే అధికారం రాజ్యానిదే. మనం తీసుకోవలసినది ఆ శిక్షల వెనుకనున్న వివేకాన్ని. అందులో నాలుగు విషయాలు మన ప్రశ్నకు నేరుగా సంబంధించినవి.

మొదటిది, దాగినదానిని వెదకరాదు. హజ్రత్ ఉమర్ (రజి) ఒక రాత్రి గస్తీలో ఒక ఇంట పాట విని, గోడ దూకి లోపలికి పోయి, మద్యంతో ఉన్న మనిషిని నిలదీసిన వృత్తాంతాన్ని ఇమామ్ గజాలీ (రహ్మ) పేర్కొన్నారు. ఆ మనిషి, తాను ఒక తప్పు చేస్తే ఖలీఫా మూడు చేశారన్నాడు. కూపీ తీయవద్దన్న ఆజ్ఞ, తలుపు గుండా రమ్మన్న ఆజ్ఞ, అనుమతి కోరి సలాం చేసి ప్రవేశించమన్న ఆజ్ఞ, మూడూ తప్పారని ఆయన ముఖం మీదనే చెప్పాడు. ఉమర్ (రజి) ఆ మాట ఒప్పుకుని, ఇకపై త్రాగనన్న వాగ్దానం తీసుకుని వెళ్ళిపోయారు. కనుక గుడారం జిప్పు విప్పి లోపల సంచులు వెదకమని పోలీసువారిని కోరే హక్కు మనకు లేదు.

రెండవది, బయటపడినదానిని ఉపేక్షించరాదు. కూపీ తీయడం నుండి తమను వారించారనీ, అయితే ఏదైనా బహిర్గతమైతే దాని మీద చర్య తీసుకుంటామనీ హజ్రత్ అబ్దుల్లా బిన్ మస్‌వూద్ (రజి) స్పష్టం చేసినట్లు అబూదావూద్ హదీసు. నడిదారిలో మంట వేసి, సీసాలు విసిరి, స్త్రీల దారికి అడ్డుపడ్డాక అది రహస్యం కాదు. అది ఇతరుల హక్కును తినివేయడం. అక్కడ మెతకదనం కనికరం అనిపించుకోదు.

మూడవది, ఎదుటివాని హద్దును గుర్తించాలి. ఆ ఆరుగురిలో ఇతర ధర్మాలవారూ ఉన్నారు. మా మదరసాలో నేను బోధించే హనఫీ గ్రంథం హిదాయాలో ఒక సమస్య వస్తుంది. ముస్లిమేతర పౌరుని మద్యాన్ని ముస్లిము ధ్వంసం చేస్తే దాని విలువ చెల్లించాలి. ఈ పాఠం వచ్చిన ప్రతిసారీ విద్యార్థులు ఆశ్చర్యపోతారు. మనకు హరాం గనుక అందరి చేతిలోని సీసానూ లాక్కోవచ్చునన్న ఆలోచనకు మన ఫిఖహులోనే చోటు లేదు. మన ఫిర్యాదు వారి త్రాగుడు మీద కాక, వారు కలిగించిన హాని మీద ఉండాలి.

నాల్గవది, మన్నింపునకు ఒక సమయం ఉన్నది. సఫ్వాన్ బిన్ ఉమయ్యా (రజి) గారి పైవస్త్రం దొంగిలించబడింది. దొంగను దైవప్రవక్త (స) ముందుకు తెచ్చాక ఆయన మన్నిస్తానన్నారు. నా వద్దకు తేకముందే ఆ పని ఎందుకు చేయలేదని ప్రవక్త (స) అడిగారు. మఖ్జూమ్ వంశపు స్త్రీ దొంగతనం విషయంలో ఉసామా (రజి) సిఫారసుకు వచ్చినప్పుడు ఆయన ఆగ్రహించారు. గొప్పవారిని వదిలి బలహీనులను శిక్షించినందుకే పూర్వజాతులు నశించాయనీ, తన కుమార్తె ఫాతిమా అయినా తీర్పు మారదనీ ప్రకటించారు. దుల్హాభాయ్ ముందుగా వెళ్ళి నచ్చజెప్పిన అరగంట మన్నింపు కాలం. పోలీసులు వచ్చి పేర్లు వ్రాసుకుంటున్న సమయం అది కాదు. ఆ సమయంలో నా నోటి నుండి వచ్చే మాట కనికరం కాదు, సిఫారసు అవుతుంది. ఆ రెంటికీ తేడా తెలియకపోవడమే మన సమాజపు పెద్ద జబ్బు.

కాఠిన్యం దేని మీద? కనికరం ఎవరి మీద?

తండ్రీ కొడుకుల వాదనలో ఎవరు గెలిచారని మా అక్కయ్య అడిగింది. ఇద్దరూ అని చెప్పాను. కాఠిన్యం నియమానికి చెందాలి, కనికరం మనిషికి చెందాలి. నియమం అందరికీ ఒకటే అయి, తప్పకుండా అమలయ్యేదై ఉంటే, శిక్ష చిన్నదైనా చాలు. ఎప్పుడో ఒకప్పుడు, ఎవరో ఒకరి మీద పడే పెద్ద శిక్ష ఎవరినీ భయపెట్టదు. అది పట్టుబడినవానిలో పశ్చాత్తాపానికి బదులు, దొరికిపోయానన్న కసినే మిగులుస్తుంది.

ఆచరణలో ఇది కష్టమైన విషయమేమీ కాదు. గుడారాలు అద్దెకిచ్చేవారే మొదటి బాధ్యులు. పలక వ్రాసి, సీసాల సంచి నింపుకునేవానిని వదిలి, కుర్రవాళ్ళనే పట్టుకోవడం న్యాయం కాదు. కుటుంబాల గుడారాలూ, మరుగుదొడ్ల దారీ వెలుతురులో, వేరుగా ఉండాలి. సెలవు రోజుల్లో రాత్రి పది గంటలకు గస్తీ ఒక్కసారి తిరిగితే, పన్నెండింటికి పరుగెత్తి రావలసిన పని సగం తగ్గుతుంది. మొదటిసారి గొడవ చేసినవానిని హెచ్చరించవచ్చు. అయితే ఆ హెచ్చరిక కాగితం మీద ఉండాలి. అప్పుడే రెండవసారి వచ్చినప్పుడు మొదటిసారినంటూ తప్పించుకోలేడు. త్రాగి బండి తీసినవాని విషయంలో, స్త్రీలను బెదిరించినవాని విషయంలో, గాజు పగలగొట్టినవాని విషయంలో హెచ్చరికతో ఆగకూడదు. కొత్త చట్టంలోని సమాజసేవను న్యాయస్థానాలు ఇటువంటి కేసుల్లో వాడుకుంటే ఎంత బాగుంటుంది! సీసా విసిరినవాని చేత అదే బండల మీద గాజుపెంకులు ఏరించడం కంటె సరైన శిక్ష నాకు కనబడదు. ఆ ఉదయం ఆ పెంకులు ఏరింది మా అక్కయ్య కూతుళ్ళు.

మన ఇంటి వాకిట

ప్రియమైన పాఠకులారా! ఇంతవరకు పోలీసువారి గురించీ, చట్టం గురించీ వ్రాశాను. అదంతా గడప అవతలి సంగతి. గడప ఇవతల మనమేమి చేస్తున్నాము? కొడుకు స్నేహితులతో రెండు రోజులు “ట్రిప్పు”కు వెళ్తానంటే డబ్బులిచ్చి పంపుతాము. ఎవరెవరు, ఎక్కడ, రాత్రి ఎలా అని అడగము. అడిగితే చిన్నబుచ్చుకుంటాడేమోనని భయం. పేరు కాగితం మీదికి ఎక్కాక మాత్రం తెలిసిన పోలీసు ఎవరున్నారని పది ఫోన్లు చేస్తాము. పరుల పిల్లవాడు త్రాగితే చట్టం కఠినంగా ఉండాలంటాము. మన పిల్లవాడైతే వయసు అంటాము. ఆ రాత్రి నేనూ ఆ రెండు నాలుకలతోనే ఉన్నానని మళ్ళీ ఒప్పుకుంటున్నాను.

దైవప్రవక్త (స) సన్నిధిలో త్రాగినవానికి దండన ముగిశాక, అల్లాహ్ నిన్ను అవమానపరచుగాక అని ఎవరో అన్నారు. ప్రవక్త (స) వారించి, మీ సోదరునికి వ్యతిరేకంగా షైతానుకు తోడ్పడవద్దన్నారు. దండనను ఆపలేదు, దూషణను ఆపారు. హజ్రత్ ఉమర్ (రజి) కూడా, సిరియాలో త్రాగుడుకు లోనైన ఒక పరిచయస్తుని సంగతి తెలిసి, పాపాలను మన్నించే, పశ్చాత్తాపాన్ని స్వీకరించే, కఠినంగా శిక్షించే ప్రభువును గుర్తుచేసే గాఫిర్ సూరా తొలి వచనాలు వ్రాసి పంపారు. ఆ ఉత్తరం చదివి అతడు విలపించి మానుకున్నాడని ఇబ్నె కసీర్ (రహ్మ) వ్రాశారు. కాఠిన్యానికి పేరుపడ్డ ఖలీఫా చేసిన పని ఒక ఉత్తరం వ్రాయడం!

నాకు ఉత్తరం వ్రాయవలసిన అవసరం కలుగలేదు. వారం తరువాత ఆ విద్యార్థే మదరసా గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. లోపలికి రాలేదు. “హజ్రత్, మీరు చెప్పివుంటే నా పేరు ఉండేది కాదట కదా” అన్నాడు. అవునన్నాను. “మరి ఎందుకు చెప్పలేదు?” అన్నాడు. “మిగతా అయిదుగురికి చెప్పేవారెవరూ లేరు బాబూ” అన్నాను. అతడు చాలాసేపు మాట్లాడలేదు. వాయిదా ఎప్పుడని అడిగి, ఆ రోజు అతనితోపాటు కోర్టుకు వెళ్ళాను. బల్ల మీద ప్రక్కన కూర్చున్నాను. రెండవ ముద్దాయి తరఫున ఎవరూ రాకపోతే అతనిని కూడా మా బల్ల మీదికే పిలిచాను. ఇద్దరూ తప్పు ఒప్పుకుని జరిమానా కట్టారు. బయటికి వచ్చి ముగ్గురమూ టీ త్రాగాము.

ఆ తరువాత అతడు రెండు శుక్రవారాలు మా మసీదుకు వచ్చాడు. మూడో వారం రాలేదు. పూర్తిగా మారిపోయాడని వ్రాసి మిమ్మల్ని సంతోషపెట్టడం నాకు తెలియనిది కాదు, కాని అది అబద్ధమౌతుంది. ఫోను చేస్తే ఎత్తుతున్నాడు. ఆ తలుపు మూసుకోలేదు. దానిని తెరచి ఉంచడం నా వంతు. హద్దు దాటిన చోట ఆపడం చట్టం వంతు. హృదయాన్ని త్రిప్పడం అల్లాహ్ వంతు.

అల్లాహ్ మన సంతానాన్ని మత్తు నుండి, మనల్ని పక్షపాతం నుండి కాపాడుగాక! న్యాయం చెప్పవలసిన చోట తెలిసిన ముఖాన్ని చూసి తడబడని నాలుకను ప్రసాదించుగాక! ఆమీన్.